బొర్రయ్యను ఆటలోకి తీసుకురండి

హైదరాబాద్‌లో, చెన్నైలో వీడియోగేమ్‌లకు కథలు రాస్తున్న తెలుగువారికి, ఆ గేమ్‌లు తయారుచేస్తున్న స్టూడియోల నిర్వాహకులకు,



నేను చెన్నై సౌకార్‌పేటలో, మింట్ వీధికి అడ్డంగా పోయే సందుల్లో ఒకదానిలో ఉంటాను. నా కోరిక మొదటే చెప్పేస్తాను. ప్రాచీన వస్తువుల వేట మీద మీలో ఎవరైనా సాహస గేమ్ చేయదలిస్తే, అందులో కథానాయకుడు వస్తువును చేజిక్కించుకునే మనిషి కాకుండా, దాని మీది రాతను చదవగలిగిన మనిషి కావాలి. అలాంటివాడు మన చరిత్రలో ఉన్నాడు. పేరు కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు వాడు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశాడు. ముప్పై ఏళ్లు నిండకుండానే 1803లో చనిపోయాడు. తెలుగు, సంస్కృతం, పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు వచ్చినవాడు. అతని మీద ఇంతవరకూ ఒక్క గేమ్ లేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, ఇలాంటి కథలు మన దేశాన్ని వెతుక్కుంటూ మళ్లీ వస్తున్నాయి. 1998లో వచ్చిన ‘టూంబ్ రైడర్ 3’ మన అడవుల్లోనే మొదలయింది. లారా క్రాఫ్ట్ ఇక్కడ ఒక పాడుబడ్డ గుడిలో దూరి ‘ఇన్ఫాడా’ రాయిని పట్టుకుపోతుంది. 2027కు ప్రకటించిన ‘టూంబ్ రైడర్: కాటలిస్ట్’ ఉత్తర భారతంలో నడుస్తుందంటున్నారు. ఈ రెంటికీ నడుమ, 2017 ఆగస్టులో, నాటీ డాగ్ సంస్థ ప్లేస్టేషన్‌కు ‘అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ’ తెచ్చింది. పరాయివాళ్లు మన నేల మీద అల్లిన నిధివేట కథల్లో నాకు ఎక్కువ నచ్చింది అదే. నా గొడవ కూడా ఎక్కువగా దానితోనే.

కథ మీకు తెలిసే ఉంటుంది. క్లోయీ ఫ్రేజర్ తండ్రి భారతీయుడు, పురావస్తు పరిశోధకుడు. గణపతి విరిగిన దంతం ఎక్కడో ఉందని నమ్మి, దాన్ని వెతుకుతూనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఏళ్ల తర్వాత కూతురు అదే దారి పడుతుంది. తోడుగా నదీన్ రాస్ అనే మాజీ కిరాయి సైన్యాధిపతి. ఎదురుగా అసవ్ అనే తిరుగుబాటు నాయకుడు. అతనికీ ఆ దంతమే కావాలి. పడమటి కనుమల్లో జీపు వేసుకుని గొడ్డలి కోట, విల్లు కోట, త్రిశూలం కోట తిరుగుతారు. పరశురాముడు వేసిన గొడ్డలి తన తండ్రి ఇచ్చిందేనని తెలిసి గణపతి దాన్ని ఆపకుండా దంతం మీద కాచుకున్న కథ, దారిపొడవునా పజిల్స్ రూపంలో వస్తుంది. పురాణకథను పాత్ర మనసుకు ముడివేయడం మామూలు పని కాదు. తండ్రి ఆయుధానికి తల వంచిన కొడుకు కథను, తండ్రి వెర్రిని మోస్తున్న కూతురు చెబుతుంటే మనసుకు తగులుతుంది. చివర్న దంతాన్ని భారత సాంస్కృతిక శాఖకు ఇచ్చేస్తానని క్లోయీ అంటుంది. అమ్మితే ఎంత వస్తుందో లెక్కలు వేసుకుంటున్న తోటివాడు ఉలిక్కిపడతాడు. ఆ ఒక్క మాట విన్నప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఆ మాట దగ్గరే కథ మొదలై ఉంటే ఎంత బాగుండేది అనీ అనిపించింది.

ఇక గొడవ ఏమిటంటే, ఆ గేమ్‌లో హళేబీడు దాటాక, కొండల లోపల, ఎవరూ అడుగుపెట్టని బేలూరు కనబడుతుంది. నిజంగా బేలూరు ఎప్పుడూ మరుగున పడలేదు. హొయ్సళ విష్ణువర్ధనుడు 1117లో చెన్నకేశవస్వామిని ప్రతిష్ఠించాడు. దండయాత్రల్లో దెబ్బతిన్నా మరమ్మతులు చేసుకుంటూ ఆ గుడి నిలబడింది. ఇవాళ కూడా అక్కడ పూజ జరుగుతోంది. హాసన్ జిల్లాలో బస్సు దిగి నడిచిపోవచ్చు. రాజధాని బేలూరు నుంచి ద్వారసముద్రానికి, అంటే నేటి హళేబీడుకు మారింది. బేలూరు, హళేబీడు, సోమనాథపుర ఆలయాలు మూడూ కలిసి 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి.

తప్పులు ఏరి చూపడానికి ఇది చెప్పడం లేదు. కల్పనకు స్వేచ్ఛ ఉండాలి, గణపతి దంతమే కల్పన. అయితే ఊరిని ఖాళీ చేయడం వేరే సంగతి. ఊళ్లో మనుషులు లేరని చూపిస్తే ముందు వచ్చినవాడిదే సొత్తవుతుంది. పూజారి లేడు, రైతు లేడు, గుడి ముందు పూలమ్మే ఆమె లేదు. అడిగేవాళ్లే లేనప్పుడు తీసుకుపోవడం దొంగతనం ఎలా అవుతుంది? ఈ జాతి గేమ్‌లన్నీ ఈ ఒక్క ఊహ మీదే నడుస్తున్నాయి. నేను వీటిని ఇష్టంగా ఆడినవాణ్ణి. ఆడుతున్నంత సేపూ ఆ ఊహ ఎంత సులువుగా నరాల్లోకి ఎక్కుతుందో నాకు తెలుసు.

అది తెర మీదే ఆగిపోతే నేను ఈ ఉత్తరం రాయను. క్లోయీ దంతం వెతికిన ఏడాదే, 2017 డిసెంబరులో, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. చీకట్లో దొంగచాటుగా కాదు, ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థకు అనుమతి ఇచ్చి తవ్వించింది. ఊరివాళ్లు అభ్యంతరం చెప్పారు. పాత కోటను యంత్రాలు పెట్టి తవ్వాక ఎముకలు, ఇటుకలు కనిపించాయి తప్ప బంగారం దొరకలేదు. అనుమతి లేని తవ్వకాల గురించి చెప్పనే అక్కర్లేదు. గుప్తనిధుల కోసం నందిని పగలగొట్టారనో, ఊరి బయటి పాడుగుడిలో లింగాన్ని పెకలించారనో జిల్లా పేజీల్లో వార్త రాని నెల ఉండదు. ఇంతా చేస్తే, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం ఇప్పటికీ ఉంది.

మా సౌకార్‌పేటలో పలుగూపారా కూడా అక్కర్లేదు, ఇల్లు కూలిస్తే చాలు. ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు కోమట్లు, బేరిసెట్లు కట్టుకున్నవి. తర్వాత మార్వాడీలు, గుజరాతీలు వచ్చారు. పేట పెరిగింది, నేల విలువ పెరిగింది, పాత ఇళ్లు ఒక్కొక్కటే పోయి నాలుగంతస్తుల గోడౌన్లు లేస్తున్నాయి. మా వీధి మలుపులో ఒక ఇల్లు కూల్చినప్పుడు దగ్గర నిలబడి చూశాను. ద్వారబంధం పైచెక్క మీద గజలక్ష్మి. రెండు ఏనుగుల తొండాలు అరిగి నున్నగా అయిపోయాయి. అమ్మవారి కింద పసుపు, నూనె పేరుకుని నల్లబడ్డ పట్టీలో తెలుగు అక్షరాలు, కట్టించినవారి పేరూ సంవత్సరం పేరూ. కొనడానికి వచ్చినాయన టేపు పెట్టి పొడవు కొలిచాడు. చెక్క అసలు టేకేనా అని గోటితో గీకి చూశాడు. అక్షరాల వైపు కన్నెత్తి చూడలేదు. వ్యానులో పట్టడం లేదని పనివాళ్లు దాన్ని రెండుగా కోశారు. రంపం సరిగ్గా పేరు మధ్యలోంచి పోయింది.

ఆ చెక్క ఇప్పుడు ఏ హోటల్ గోడనో అలంకరించి ఉంటుంది. అందంగానే ఉంటుంది. ఎవరి ఇంటిదో ఇక ఎవరూ చెప్పలేరు. వస్తువు మిగిలి దాని ఊరూ పేరూ పోతే జరిగిన నష్టం ఎంతటిదో ఆ రోజు నాకు అర్థమైంది. వేట కథలు చెప్పని నష్టం ఇదే.

మన తెలుగువాళ్లకు ఇందులో అన్నిటికన్నా పెద్ద కథ అమరావతిది. 18వ శతాబ్దం చివరి ఏళ్లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి కృష్ణ ఒడ్డున అమరావతి పట్టణం కట్టించాడు. పక్కనే పెద్ద దిబ్బ. ఇటుకలకూ రాళ్లకూ దాన్ని తవ్వారు. లోపల నిధి ఉంటుందన్న ఆశ కూడా ఉండేదని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఆ దిబ్బ బౌద్ధుల మహాస్తూపం. దాని చెక్కడపు పలకలు మెట్లయ్యాయి, కోనేటి గట్టుకు రాళ్లయ్యాయి, కొన్ని సున్నానికి కాలిపోయాయి. మెకంజీ ఆ రోజుల్లోనే ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. 1816 నుంచి 1818 దాకా అతని బృందం అక్కడ కూర్చుని పలకలకు కొలతలు వేసి బొమ్మలు గీసింది. అందులో కొన్ని పలకలు ఆ తర్వాత మళ్లీ కనబడలేదు. వాటికి మిగిలింది ఆ కాగితం మీది గీతలే. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. అక్కడ ఎండకూ వానకూ ఏళ్ల తరబడి ఉన్నాక నూరుకు పైగా పలకలు 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవాటిలో చాలా భాగం మా ఇంటి నుంచి కాసేపట్లో చేరుకునే ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది.

ఎప్పుడైనా ఆ మ్యూజియంలోని అమరావతి గదిలోకి వెళ్లి నలగిరి ఏనుగును చూడండి. గుండ్రటి పతకంలో ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతుంటుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద ఉంటుంది. పైన కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. ఒకే పతకంలో ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ చెక్కాడు శిల్పి. మీ భాషలో చెప్పాలంటే కట్‌సీన్ మొత్తాన్ని ఒకే ఫ్రేములో పెట్టేశాడు. ఆ కిటికీల్లోని ఆడవాళ్ల మొహాల్లో భయం చూస్తే, ఈ ఊరు ఖాళీ ఊరని ఎవరికీ అనిపించదు.

ఇప్పుడు బొర్రయ్య దగ్గరికి వస్తాను.

మెకంజీకి మన భాషలు రావు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ దేశపు విజ్ఞానంలోకి తనకు వాకిలి తెరిచినవాడు బొర్రయ్య అని రాశాడు. అప్పటికి బొర్రయ్య పోయి పద్నాలుగేళ్లు. నిజాం రాజ్యంలో, ఆ తర్వాత టిప్పు పతనమయ్యాక మైసూరులో, ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు. శాసనాల మీది హళగన్నడ లిపిని ఆ సర్వే కోసం చదివి దారి చూపింది మన ఏలూరు కుర్రవాడే. ముదిగెరెలో ఒక జైన పురోహితుడి నోట విని అతను అనువదించిన జైనుల వృత్తాంతం 1807లో ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ తొమ్మిదో సంపుటంలో అతని పేరుతోనే అచ్చయింది. తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలు ఇంగ్లీషులో రాస్తూ అందులో అన్న జీవితాన్నీ చేర్చాడు.

చూశారా, నాటీ డాగ్ ఎంచుకున్న హొయ్సళుల నేల మీదే, ఆ హొయ్సళుల రాతనే చదివినవాడు బొర్రయ్య. నిజమైన హొయ్సళ గుళ్లలో కల్పించిన గొడ్డలి కోటను మించిన పజిల్ ఒకటి ఉంది. అక్కడి శిల్పులు తమ పనికింద పేర్లు చెక్కుకున్నారు. బేలూరులో బళ్లిగావెకు చెందిన దాసోజ, అతని కొడుకు చావణ సంతకాలు దొరుకుతాయి. సోమనాథపురలో మల్లితమ్మ పేరు పదేపదే వస్తుంది. మెత్తటి బలపపు రాయి, గనిలోంచి తీసినప్పుడు ఉలికి లొంగి, గాలి తగిలేకొద్దీ గట్టిపడేది. అందుకే హారంలో పూసకూ పూసకూ మధ్య సందు కూడా కనిపిస్తుంది. ఆటగాడికి ఒక సంతకం చూపించండి. అది చదవాలంటే ముందు లిపి నేర్చుకోవాలి. లిపి రావాలంటే పక్క ఊళ్లో జైన బసదిలోని పెద్దాయన నమ్మాలి. ఆయన నమ్మాలంటే మీరు ఎందుకు వచ్చారో నిజం చెప్పాలి.

నిజం చెప్పడంలోనే అసలు సంఘర్షణ ఉంది. మెకంజీ మనుషులు కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించడానికి ఊళ్లలోకి వెళ్తే కరణాలు అనుమానంగా చూసేవారు. పన్ను పెంచడానికి వచ్చారేమో, మాన్యం లాక్కోవడానికి వచ్చారేమో అని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిదేమీ కాదు. సర్వే చేయించింది కంపెనీ. నేల కొలిచినవాడు ఆ తర్వాత శిస్తు కడతాడు. బొర్రయ్య ఊరి జ్ఞాపకాన్ని కాపాడుతున్నాడు. ఆ పనితోనే ఆ ఊరిని కొత్త దొరకు తెలిసేలా చేస్తున్నాడు. ఈ రెండూ నిజమే. అతణ్ణి మచ్చలేని మహానుభావుడిగా చూపించమని నేను అడగను. ఈ ఇరకాటాన్ని ఆటగాడి చేతిలో పెట్టండి. ఏ కైఫీయత్తు దొరకు చూపించాలి, ఏది తన దగ్గరే ఉంచుకోవాలి? విలన్ జుట్టు పట్టి కొట్టడం కన్నా ఇది కష్టమైన నిర్ణయం.

చదవడం, రాయడం సాహసం ఎలా అవుతుందని మీలో కొందరు అడుగుతారు. పెట్టుబడి పెట్టేవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇప్పటికే వచ్చిన గేమ్‌లు చూడండి. ఇంకిల్ సంస్థ 2019లో తెచ్చిన ‘హెవెన్స్ వాల్ట్’లో కథానాయిక పురావస్తు పరిశోధకురాలు. తెలియని లిపిని ముక్కలుగా చదువుతూ పోవడమే ఆట. 2023లో ‘చాంట్స్ ఆఫ్ సెనార్’ అదే పని ఇంకో తీరులో చేసింది. దక్షిణాఫ్రికాకు చెందిన న్యామకాప్ స్టూడియో, పాశ్చాత్య మ్యూజియంలలో ఉన్న ఆఫ్రికా కళాఖండాలను వెనక్కి తెచ్చుకునే ‘రీలూటెడ్’ను చేపట్టింది. అక్కడివాళ్లు తమ వస్తువుల కథ తామే చెప్పుకోవడానికి పూనుకున్నారు. పోనీ పరుగులూ ప్రమాదాలూ ఉండాలంటే బొర్రయ్య జీవితంలో వాటికి కొదవ లేదు. యుద్ధం ముగిసీ ముగియని మైసూరు సీమ, జ్వరాలు కాచుకున్న అడవులు, గజకట్టెలూ కొలత గొలుసులూ మోసుకుంటూ కొండ మీదికి ఎక్కడం, వాన కురిస్తే తాళపత్రాల కట్టను ఛాతీకి అదుముకుని ఏరు దాటడం. కత్తి దూయని మనిషి ప్రాణం కూడా ఉగ్గబట్టుకుని చూడదగ్గదే.

కథ నడుమ 1803 వస్తుంది. బొర్రయ్య చనిపోతాడు. గేమ్ అక్కడితో ఆగనవసరం లేదు. కంట్రోలర్ ఇంకో కావలి సోదరుడు లక్ష్మయ్య చేతికి ఇవ్వండి. మొదట్లోనే నాయకుణ్ణి పోగొట్టుకున్న కథను 2020లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’తో నాటీ డాగే ఆడించింది. ఆటగాళ్లు తట్టుకోగలరు. లక్ష్మయ్య భాగంలో అమరావతి పెట్టండి. అక్కడ ఒకే నియమం చాలు. దిబ్బ మీద పలకలు చాలా ఉన్నాయి, పొద్దు కొంతే ఉంది, కొలిచి గీసిందే మిగులుతుంది. ఆటగాడు ఒక పలక ముందు కూర్చుంటే వెనక ఇంకో పలక బండి ఎక్కుతుంది. ఏది గీయాలో, దేన్ని వదలాలో అతనే తేల్చుకోవాలి. తుపాకీ అవసరం లేకుండా చెమటలు పట్టించే లెవెల్ ఇది. దీనిలో కల్పన కూడా తక్కువే.

ఆ తర్వాత వచ్చే ఘట్టం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. 1821లో మెకంజీ చనిపోయాక ఆ సేకరణ చెల్లాచెదురైంది. లక్ష్మయ్య మద్రాసులో హిందూ సాహిత్య సంఘం పెట్టాడు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, మిగిలిన పనిని పూర్తిచేయనివ్వండి అని 1836 నాటికి ప్రభుత్వానికి మొర పెట్టుకున్నాడు. విషయం కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ దగ్గరికి వెళ్లింది. నాణేలూ శాసనాలూ చదివి మహా పండితుడని పేరుపొందిన జేమ్స్ ప్రిన్సెప్ ఆ అర్జీని చూశాడు. కట్టలు సేకరించగలిగిన దేశీయుడు వాటిని పరిశీలించి చరిత్రగా తేల్చగలడని వాళ్లు నమ్మలేదు. పని విలియం టేలర్‌కు ఇచ్చారు. జీవితమంతా వేటాడి తెచ్చిన సంపద గదిలోకి లక్ష్మయ్యకే ప్రవేశం లేకుండా పోయింది. ఏ గేమ్‌లోనైనా చివరి విలన్ ఇంతకన్నా బలంగా ఉంటాడా? ఇక్కడ విలన్ మనిషి కూడా కాదు, ఒక నమ్మకం. చదివే అర్హత మాది, మోసే పని మీది అనే నమ్మకం. ఆ తర్వాత సి.పి. బ్రౌన్ శ్రద్ధపెట్టి ఆ స్థానిక చరిత్రలకు నకళ్లు రాయించబట్టి మన ఊళ్ల కైఫీయత్తులు చాలా బతికాయి. చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో మెకంజీ సేకరణలో పెద్ద భాగం ఇప్పటికీ ఉంది.

కథను మన కాలానికి తెచ్చే దారి కూడా ఉంది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధక్షేత్రం. అక్కడి నుంచి దొంగిలించిన ఒక సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. అది చందవరానిదేనని పాత ఫొటోలు రుజువు చేశాయి. 2016లో ఆ గ్యాలరీ దాన్ని భారత్‌కు అప్పగించింది. అంతకు ముందే, 2014లో, అరియలూరు జిల్లా శ్రీపురందాన్ నటరాజు అదే గ్యాలరీ నుంచి తిరిగి వచ్చాడు. ఆయనకు వాళ్లు పెట్టిన ధర సుమారు 50 లక్షల డాలర్లు. ఆ నటరాజును అమ్మిన సుభాష్ కపూర్‌ను 2011లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పట్టుకున్నారు. 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. వీటన్నిటికన్నా పత్తూరు నటరాజు కథ నాకు ఇష్టం. 1976లో తంజావూరు సీమలో ఒక కూలీ పలుగుకు తగిలిన విగ్రహం చేతులు మారి లండన్ చేరింది. దాన్ని ఒక కెనడా కంపెనీ కొన్నది. వ్యాజ్యం నడిచింది. పాడుబడ్డ గుడిలో మిగిలిన శివలింగాన్నే వాదిగా ఇంగ్లండు కోర్టు అంగీకరించింది. ఆ గుడి పక్షం గెలిచింది. 1991లో స్వామి తిరిగి వచ్చాడు. మట్టి నమూనాలు, చెదపురుగుల గూళ్ల జాడలు సైతం సాక్ష్యానికి వచ్చాయి. ఊరు ఖాళీ అనుకున్నచోట రాయి కూడా వాది కాగలదని ఆ తీర్పు చెప్పింది.

ఇవన్నీ విన్న తర్వాత కూడా దంతాలూ మాయ రాళ్లూ కల్పించనక్కర్లేదని నేను అనను. కల్పించండి. మీరు కథకులు. మూడు విషయాల్లో మాత్రం పట్టు వదలకండి. ఊళ్లలో మనుషులు ఉండాలి, వాళ్లకు వద్దు అనే హక్కు ఉండాలి. ఆటగాడు గెలవాలంటే వస్తువు చేతికి రావడం సరిపోకూడదు, అది ఎవరిదో ఎక్కడిదో తేల్చాలి. చివరి నిర్ణయం కూడా అతనికే వదిలేయండి. అమరావతి పలక లండన్‌లో ఉండాలా, ఎగ్మోర్‌లోనా, కృష్ణ ఒడ్డునా? నా మట్టుకు నాకు కృష్ణ ఒడ్డే అనిపిస్తుంది. అయితే ఇన్నేళ్లుగా మద్రాసు పెంచిన తెలుగుదనంలో ఎగ్మోర్ గదికి కూడా చోటుంది. దీని మీద వాదించుకునే పిల్లలు తయారైతే ఆ గేమ్ చేసినందుకు మీకు దక్కే ఫలితం అదే.

మాటలు తెలుగులో ఉండాలి. కావలి సోదరులు ఏలూరు తెలుగు మాట్లాడాలి, కరణం పల్నాడు యాసలో అడ్డు చెప్పాలి. తెలుగు గొంతు ఇంగ్లీషు గేమ్‌కు తర్వాత అతికించిన పొరలా ఉండకూడదు. చాలా ఏళ్లు దేశంలోని గేమ్ డెవలపర్లందరూ హైదరాబాద్‌లో సదస్సుకు చేరేవారు. బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు మనలో వేలమంది. పరాయి స్టూడియోల అడవుల్లో ఆకులకు రంగులు వేసింది కూడా వాళ్లే. వాళ్లకు మన కథ ఒకటి ఇవ్వండి.

మీలో ఎవరైనా పని మొదలుపెడితే మొదట ఎగ్మోర్‌కు రండి. శుక్రవారం సెలవు, మిగిలిన రోజుల్లో ఎప్పుడైనా సరే. నలగిరి పతకం ముందు ఒక పూట, ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో కైఫీయత్తుల కట్టల ముందు ఒక పూట కూర్చోండి. దారి చూపడానికి, పాత రాతలో చదవలేని అక్షరం దగ్గర తోడు కూర్చోవడానికి నేను వస్తాను. సౌకార్‌పేటలో పాత తెలుగు దస్తావేజులు చదివే పెద్దలు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లతో కూడా మాట్లాడిస్తాను. వాళ్లకు వయసు మీద పడుతోంది కాబట్టి ఈ ఏడాదే రండి.

ఇట్లు,
మింట్ వీధి పక్కసందు నుంచి
ఒక తెలుగు ఆటగాడు